డబ్బా వెనక రాసింది చదవండి

తుంగభద్ర ఎడమ కాలవ కింది తెలుగు క్యాంపుల్లో డీజిలు ఇంజను తెలియని ఇల్లు లేదు. ఇప్పుడు ప్రతి వాకిట్లో కారూ ఉంది. ట్రాక్టరు దగ్గర నేర్చిన పనితనం కారుకు ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ దెబ్బ తీస్తుంది?

మే నెల, తెల్లవారి అయిదున్నర. పొద్దెక్కితే షెడ్డు రేకుల కింద నిలబడలేమని పెదనాన్న చీకటితోనే పని మొదలుపెట్టాడు. సింధనూరు తాలూకాలో మా క్యాంపు. ట్రాక్టరు షెడ్డు ముందు, మట్టి పోసి బండలు పరిచిన ర్యాంపు మీదికి మా తమ్ముడి కారు ఎక్కించి ఉంది. పాత ఆయిలంతా కింద పెట్టిన తొట్టిలోకి దిగింది. పెదనాన్న డ్రెయిన్ నట్టు బిగించాడు, కొత్త ఫిల్టరు ఎక్కించాడు, కాటన్ వేస్టుతో చేతులు తుడుచుకున్నాడు. షెడ్డు మూలనున్న ట్రాక్టరు ఆయిలు డబ్బా అందుకుని, గరాటు పెట్టి, మూత తిప్పబోయాడు.

"ఆగు పెదనాన్నా, అది ట్రాక్టరుది" అన్నాను.

"అయితే ఏంరా? అదీ డీజిలే, ఇదీ డీజిలే. నలభై ఏళ్లుగా పోస్తన్నా, ఒక్క ఇంజను సీజవలేదు."

అందులో అబద్ధం లేదు. ఆ షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసిన అంకెలు ఇప్పటికీ కనపడతాయి. ఏ తేదీన, మీటరు ఎన్ని గంటలు చూపినప్పుడు ఆయిలు మార్చాడో ఆ వరుసలో ఉంటుంది. ఒకే ట్రాక్టరు, ఒకే చేతిరాత, పై నుంచి కింది దాకా. అంత నిష్ఠగా బండి చూసుకున్న మనిషి అడిగిన ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ఆయనకు అప్పుడు చెప్పిన జవాబే కొంచెం విడమరిచి ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. సింధనూరు, మాన్వి, సిరవార వైపు ఏ క్యాంపులో చూసినా, ట్రాక్టరు డబ్బాలో మిగిలిన ఆయిలు కారులోకి పోతూనే ఉంది.

గంటల లెక్క నేర్పిన చేతులు

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక ఎడమ కాలవకు నీళ్లొచ్చాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడి ఎకరం అమ్మి ఇక్కడ నాలుగైదు ఎకరాలు కొనుక్కుని, నల్లరేగడి చదును చేసి, వరి నాటారు. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఊళ్లకు దూరంగా, పొలాల గట్టు మీదే వేసుకున్న పాకలే ఈ క్యాంపులు. దగ్గర్లో మేస్త్రి ఉండడు. సామాను కావాలంటే రాయచూరు పోవాలి. సింధనూరు నుంచి రాయచూరు దాదాపు తొంభై కిలోమీటర్లు, అదీ అప్పటి రోడ్లలో. నాట్ల మధ్యలో కిర్లోస్కర్ ఇంజను ఆగిపోతే బస్సెక్కి వెళ్లి మేస్త్రిని తెచ్చుకునేలోగా మడి ఎండిపోతుంది. అందుకని ఎవరి ఇంజను వాళ్లే విప్పుకున్నారు. నాజిలు తీయడం, గాలి తీయడం, వాల్వు గ్యాపు పెట్టడం పదో తరగతి పిల్లలకూ వచ్చేది.

ట్రాక్టరుకు కిలోమీటర్ల లెక్క లేదు, గంటల లెక్క. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకు ఆయిలు మార్చాలి. దమ్ము చేసే రోజుల్లో బండి రోజుకు పద్నాలుగు గంటలు తిరుగుతుంది, మూడు వారాలు గడవకముందే 250 నిండిపోతాయి. పని లేని నెలల్లో మీటరు కదలదు. ఇంజను ఎంత పని చేసిందో దాన్నిబట్టే ఆయిలు వయసు లెక్కపెట్టాలన్న సంగతి ఈ రైతులకు ఎవరూ పుస్తకంలో చూపించి నేర్పలేదు, పొలమే నేర్పింది. నా దృష్టిలో ఇది చాలామంది కారు యజమానులకు లేని తెలివి. పదివేల కిలోమీటర్లు అని పుస్తకంలో ఉంటే పదివేలయ్యేదాకా చూస్తారు. ఆ పదివేలూ ఎలా తిరిగిందో చూడరు. రాయచూరు నుంచి హైదరాబాదుకు ఒకే ఊపులో పోయి వచ్చిన కారూ, క్యాంపు నుంచి సింధనూరు బజారుకు రోజుకు రెండుసార్లు ఆరేసి కిలోమీటర్లు తిరిగిన కారూ ఒకటి కావు. రెండోదాని ఇంజను ఆయిలు పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతుంది. తేమ అందులోనే ఉండిపోతుంది, మసి అందులోనే ఉండిపోతుంది. దుమ్ము, చిన్న చిన్న ప్రయాణాలు, బరువు లాగడం ఉన్నచోట గడువు తగ్గించాలని కారు పుస్తకాల్లోనే వేరే పట్టికలో రాసి ఉంటుంది. మన జిల్లాలో సగం కార్లు ఆ పట్టికలోకే వస్తాయి. అందుకే, ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: ఇక్కడి డీజిలు కారుకు ఏడు, ఏడున్నర వేలకు ఆయిలు మార్చండి. అంత తిరగకపోయినా ఏడాదికి మార్చండి.

కార్లు ఈ క్యాంపుల్లోకి విరివిగా వచ్చింది ఇండికాతో. 1998 డిసెంబరులో అది మార్కెట్లోకి వచ్చాక, డీజిలు కారు మధ్యతరగతి రైతుకు అందింది. తర్వాత బొలెరోలు. 2007లో మారుతి స్విఫ్టులో ఫియట్ 1.3 లీటర్ల డీజిలు ఇంజను పెట్టాక ఇక ఆపినవాళ్లు లేరు. అదే ఇంజను డిజైరులో, రిట్జులో, టాటా విస్టాలో, ఎర్టిగాలో, బ్రెజాలో తిరిగింది. 2020 ఏప్రిల్‌తో మారుతి డీజిలు కార్లు ఆపేసింది. కానీ అప్పటిదాకా అమ్మినవన్నీ ఎక్కడికీ పోలేదు. చేతులు మారి మారి ఇలాంటి ఊళ్లకే చేరాయి. మూడో చేతికి వచ్చిన కారును కంపెనీ సర్వీసుకు పంపే రైతు అరుదు. ర్యాంపు మీదికే ఎక్కిస్తాడు. అందుకే ఆ ర్యాంపు మీద జరిగే పని సరిగ్గా జరగడం ముఖ్యం.

ఆ 1.3 ఇంజను సంగతే చూడండి. అందులో పట్టే ఆయిలు మూడు లీటర్ల పైచిలుకు. దాదాపు దానికి రెట్టింపు పట్టే ట్రాక్టర్లున్నాయి. ఇంత తక్కువ ఆయిలే టర్బోను చల్లబరచాలి, టైమింగ్ చైను బిగువు నిలపాలి, పిస్టన్లను తడపాలి, మసినంతా మోయాలి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, ఆయిలు పొర మీదే తేలుతూ. చైను బిగించే ముక్క ఆయిలు ఒత్తిడితోనే నడుస్తుంది. పాత ట్రాక్టరు ఇంజనులో ఇవేవీ లేవు. పళ్లచక్రాల టైమింగు, టర్బో లేని గాలి, నింపాదిగా తిరిగే ఇంజను. ఆయిలు ఒక నెల ఆలస్యమైనా అది ఓర్చుకుంటుంది. కారు ఇంజను ఓర్చుకోదు. పొద్దున స్టార్టు చేయగానే ముందు భాగంలో చైను గలగలమంటే, అది ఎప్పుడో ఎగ్గొట్టిన ఆయిలు మార్పు ఇప్పుడు వినిపిస్తున్నట్టే.

ఎండ 43, ఆయిలు 105

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకెల దగ్గరికొద్దాం. 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30. మా వైపు అందరూ అనే మాట: "రాయచూరు ఎండకు పల్చటి ఆయిలు నీళ్లయిపోద్ది, చిక్కటిదే పొయ్యాలి." దీనిలో సగమే నిజం.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే. నీడలో నిలబడ్డా ఒళ్లు మండుతుంది. కానీ ఇంజను లోపలి లోకం వేరు. థర్మోస్టాటు రేడియేటరు నీళ్లను 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. ఆయిలు 100, 110 దగ్గర తిరుగుతుంది. బయట డిసెంబరు అయినా అంతే, మే అయినా దాదాపు అంతే. అందుకే హైఫను తర్వాతి అంకెను 100 డిగ్రీల దగ్గర కొలిచి నిర్ణయిస్తారు. ఎస్ఏఈ లెక్క ప్రకారం ఆ వేడిలో 30 అంటే చిక్కదనం 9.3 నుంచి 12.5 మధ్య, 40 అంటే 12.5 నుంచి 16.3 మధ్య. సెంటీస్టోక్స్ అంటారు ఆ కొలతను. మీ కారు ఇంజనును తయారుచేసినవాడు 30 అని రాశాడంటే, బేరింగుల సందు, పంపు సైజు, పిస్టన్ల కింద చిమ్మే ఆయిలు ధార, అన్నీ ఆ చిక్కదనానికే కొలిచి పెట్టాడన్నమాట. బయటి ఎండ చూసి మనం మార్చాల్సిన అంకె కాదది.

డబ్ల్యూ ముందరి అంకె చలికాలపు స్టార్టుకు సంబంధించింది. 15డబ్ల్యూను సున్నాకు 20 డిగ్రీల కింద పరీక్షిస్తారు, 5డబ్ల్యూను 30 డిగ్రీల కింద. అంత చలి మన దగ్గర పుట్టదు. అయితే 5డబ్ల్యూ మనకెందుకు అనిపిస్తుంది. తెల్లవారి 25 డిగ్రీలున్నప్పుడు కూడా ఆయిలు, వేడెక్కిన ఆయిలు కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది. తాళం తిప్పిన మొదటి క్షణాల్లో టర్బోకూ చైనుకూ అది ఎంత త్వరగా చేరితే అంత మంచిది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ క్షణాల్లోనే. ముందరి అంకె చిన్నదైతే లాభం మన దగ్గరా ఉంది, కాకపోతే కాశ్మీరులో ఉన్నంత కాదు.

చిక్కటి ఆయిలు మాటలో నిజమైన సగం ఏమిటంటే, రెండు లక్షలు తిరిగి, ఆయిలు తాగడం మొదలెట్టిన పాత ఇండికాకో బొలెరోకో పల్చటి ఆయిలు పోస్తే మరింత తాగుతుంది. వాటి పుస్తకాల్లో ఎలాగూ 15డబ్ల్యూ-40 ఉంటుంది. వాటికి పెదనాన్న డబ్బా చక్కగా సరిపోతుంది. చాలా కార్ల పుస్తకాల్లో రెండు మూడు గ్రేడులు రాసి, బయటి ఉష్ణోగ్రతలకు ఒక పట్టీ గీసి ఉంటుంది. ఆ పట్టీలో మన ఎండకు 5డబ్ల్యూ-40 కూడా ఒప్పుకుంటే, పెళ్లిళ్లకు ఏడుగురిని ఎక్కించి ఏసీ వేసుకుని తిరిగే కారుకు నేను అదే ఎంచుకుంటాను. పుస్తకం ఒప్పుకోకపోతే ఎంచుకోను. అంతే తేడా.

బూడిద కథ

అసలు చిక్కు అంకెల్లో లేదు, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంది. ఆ రోజు పెదనాన్న చేయి ఆపింది దాని కోసమే. ఆయన చేతిలోని డబ్బా వెనక ఏపీఐ సీఐ-4 అని ఉంది. మా తమ్ముడిది బీఎస్-6 కారు. దానికి సైలెన్సరు దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. పొగగొట్టంలోంచి నల్లమసి బయటికి రాకుండా తేనెపట్టులాంటి పింగాణీ జల్లెడలో పట్టేస్తారు. ఆ మసి నిండుతున్నకొద్దీ కారు తనంతట తానే కాస్త ఎక్కువ డీజిలు చిమ్మి, జల్లెడను 600 డిగ్రీల దాకా వేడెక్కించి, కాల్చి పారేస్తుంది. మసి కాలుతుంది. బూడిద మాత్రం కాలదు. ఆ బూడిద ఎక్కడిదంటే, ఇంజను కాల్చుకునే ఆ కాస్త ఆయిలులోది. ఆయిలులో ఇంజనును కడిగే మందులు కలుపుతారు. అవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అరుగుదల ఆపడానికి జింకు కలుపుతారు. కట్టె కాలితే పొయ్యిలో బూడిద మిగిలినట్టు, ఆయిలు కాలితే ఇవి మిగులుతాయి. పొయ్యిలో బూడిదను పొద్దునే ఎత్తిపోస్తాం. డీపీఎఫ్‌లో బూడిదను ఎత్తిపోసే దారి లేదు. నిండితే విప్పి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి. కొన్ని కార్లకు ఆ ఖర్చు లక్ష పైమాటే.

అందుకే ఇలాంటి కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలు అడుగుతారు. యూరపు కార్ల తయారీదారుల సంఘం పెట్టిన ఏసీఈఏ కొలతల్లో సీ2, సీ3 అని ఉంటే, బూడిద నూటికి 0.8కి మించదు. ట్రాక్టర్లకూ లారీలకూ అమ్మే సీఐ-4 రకాలకు అలాంటి కట్టుబాటు లేదు. వాటిని తయారుచేసిన నాటి డీజిలు వేరు. గంధకం ఎక్కువగా ఉండేది, కాలితే ఆమ్లం పుట్టేది, ఆ ఆమ్లాన్ని చంపడానికి కడిగే మందులు దండిగా కావలసి వచ్చేది. బీఎస్-4 డీజిలులో గంధకం పది లక్షల పాళ్లలో 50 పాళ్లకు దిగింది, బీఎస్-6లో 10 పాళ్లకు. గంధకం పోయింది కనుకే బూడిద తక్కువ ఆయిలుతో పని జరుగుతోంది. పాత ఆయిలు చెడ్డదనడం లేదు, అది పాత డీజిలుకు పుట్టిన ఆయిలు. లారీలకు ఇప్పుడు సీకే-4 వచ్చింది, దానికి 1.0 దాకా హద్దు ఉంది. కానీ కారు పుస్తకం సీ3 అడిగినప్పుడు సీకే-4 దానికి బదులు కాదు.

ఇంకొక సంగతి, దుకాణాల్లో చాలామంది తప్పిపోయేది ఇక్కడే. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది. ఒకదాని వెనక సీ2, రెండోదాని వెనక సీ3. సీ3 అయితే 150 డిగ్రీల వేడిలో, బేరింగులో నలిగేటప్పుడు కూడా దాని చిక్కదనం 3.5కి తగ్గకూడదు. సీ2కు 2.9 ఉంటే చాలు. ముందు అంకె ఒకటే, లోపల పొర మందం వేరు. కాబట్టి "5డబ్ల్యూ-30 ఇవ్వన్నా" అని అడిగితే సరిపోదు. పుస్తకంలో ఉన్న ఆ రెండో వరుసను ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి. కొందరు తయారీదారులు తమ సొంత నంబరు కూడా రాస్తారు, అదీ డబ్బా మీద కనపడాలి.

బీఎస్-6 కారున్నవాళ్లు వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడాలి. లెవెలు తగ్గడం అందరికీ తెలుసు. ఈ కార్లలో పెరుగుతుంది కూడా. జల్లెడ కాల్చుకునే పని మధ్యలో ఉండగా మీరు బజారులో బండి ఆపేస్తే, ఎక్కువ చిమ్మిన డీజిలులో కొంత సిలిండరు గోడల మీంచి జారి కింద చాంబరులోకి చేరుతుంది. ఆయిలు పల్చబడుతుంది. డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిలు వాసన కొడుతుంది. లెవెలు పై గీత దాటితే ఇక కిలోమీటర్లు చూడొద్దు, ఆయిలు మార్చేయండి. పొద్దస్తమానం క్యాంపుకూ బజారుకూ తిరిగే కారును వారం పది రోజులకోసారి రాయచూరు రోడ్డెక్కించి, మాన్వి దాకా అరగంటో ముప్పావు గంటో ఆపకుండా నడపండి. మంత్రాలయం పోయేవాళ్లకు ఆ పని దానంతటదే జరిగిపోతుంది.

ఈ తలనొప్పి ఎందుకని జల్లెడ పీకించేసే బేరాలు కూడా జరుగుతున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఆ మసిని పీల్చేది ఆ వాకిట్లోనే ఆడుకునే మన పిల్లలు.

ర్యాంపు మీద

ఇక పని. ఇంజనును పది నిమిషాలు తిప్పి ఆపాలి. గోరువెచ్చని ఆయిలు మురికితో సహా దిగుతుంది. సలసలా కాగిన ఆయిలు మణికట్టు మీద పడితే బొబ్బలెక్కుతుంది. పై మూత ముందే వదులు చేస్తే ధార ఆగకుండా వస్తుంది. కారు కింద దూరే ముందు ఒక్క మాట. జాకీ బండిని ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. జాకీ మీద ఉన్న కారు కిందికి ఎవరూ వెళ్లకూడదు, టైరు మార్చడానికైనా సరే. ర్యాంపు లేనివాళ్లు స్టాండ్లు కొనుక్కోవాలి. వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి. ఇంజను కింద ప్లాస్టిక్ పళ్లెం ఉంటే దాని స్క్రూలు ఒక గిన్నెలో వేసుకోవాలి, ఇసుకలో పడితే దొరకవు.

డ్రెయిన్ నట్టుకు రింగు స్పానరే వాడండి. అడ్జస్టబుల్ పానా వేస్తే మూలలు అరిగిపోతాయి. చివరి రెండు చుట్లు చేత్తో, నట్టును పైకి అదిమి పట్టి తిప్పుతూ, ఒక్కసారి పక్కకు లాగాలి. ఈ పనిలో పెదనాన్నను చూడాలి. ఆయన మోచేతికి చుక్క తగలదు. ధార ముందు లావుగా నల్లగా పడుతుంది, తర్వాత దారమవుతుంది, తర్వాత చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య అయిదారు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగాలి. ఆ వ్యవధిలో ఆయన ఒక పని చేస్తాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆయిలు రాసి, ఎండలోకి తిప్పి చూస్తాడు. మెరిసే పొడి తగిలితే బేరింగులో ఏదో మొదలైందని. పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే నీళ్లు కలిశాయని, హెడ్ గాస్కెట్టు చూసుకోవాలని. ఏ సర్వీసు సెంటరు బిల్లులోనూ రాని సమాచారమది.

నల్లగా ఉందంటే మాత్రం భయపడకండి. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు పోసి రెండు వందల కిలోమీటర్లు తిరగకముందే నల్లబడుతుంది. మసిని గడ్డకట్టనివ్వకుండా తనలో కలుపుకుని మోయడమే దాని పని. నల్లబడని ఆయిలునే అనుమానించాలి.

నట్టుకు కొత్త వాషరు వేయాలి. అయిదు పది రూపాయల వాషరుకు పిసినారితనం చేస్తే నెల తిరగకుండా షెడ్డు నేల మీద మరకలు పడతాయి. బిగింపు ఎంతో పుస్తకంలో ఉంటుంది. చాంబరు చాలా కార్లలో అల్యూమినియంది, ట్రాక్టరు నట్టు మీద వేసినట్టు ఒళ్లు బరువంతా వేస్తే మర ఊడిపోతుంది. ఫిల్టరు ప్రతిసారీ మార్చాలి. డబ్బాలా ఉండే ఫిల్టరైతే దాని రబ్బరుకు కొత్త ఆయిలు రాసి, రబ్బరు ఆనాక ముప్పావు చుట్టు చేత్తోనే బిగించాలి. కాగితం ఫిల్టరైతే మూత రింగు మార్చాలి. పోసేటప్పుడు పుస్తకంలో చెప్పినదానికన్నా పావు లీటరు తక్కువ పోసి, ఒక నిమిషం తిప్పి, ఆపి, పది నిమిషాలాగి కొలిచి, మిగతాది కొద్దికొద్దిగా పోయాలి. ఎక్కువైతే మంచిదే కదా అనుకోకండి. క్రాంకు తిరుగుతూ ఆయిలును చిలికి నురగ చేస్తుంది. నురగలో పొర నిలబడదు.

వారంటీ ఉన్న కారును మాత్రం కంపెనీ సర్వీసుకే పంపండి. ఆ రోజుల్లో మీరు నేర్చుకోవలసింది డిప్‌స్టిక్ చూడటం, టైరు గాలి చూడటం, బిల్లులో ఏ ఆయిలు పోశారో అడిగి రాయించుకోవడం.

వరి కోతల దుమ్ము

ఆయిలు గురించి ఇంత పట్టింపు ఉన్నవాళ్లు కూడా గాలి ఫిల్టరును మరిచిపోతారు. నవంబరు, డిసెంబరుల్లో హార్వెస్టర్లు దిగాయంటే క్యాంపు రోడ్ల మీద పొట్టూ ధూళీ కలిసి తెరలాగా నిలబడుతుంది. రెండో పంటకు నీళ్లిచ్చిన ఏడు ఏప్రిల్, మేలలో మళ్లీ అంతే. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. ఒక్క చెంచా ఇసుక ఫిల్టరు దాటితే రింగులనూ బోరునూ గీరేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన ఆయిలు పోసినా ప్రయోజనం ఉండదు. పాత ట్రాక్టర్లకు కింద ఆయిలు గిన్నె ఉన్న గాలి క్లీనరు ఉండేది. కోతల రోజుల్లో సాయంత్రం దాన్ని విప్పితే గిన్నె అడుగున పిడికెడు బురద. అది చూసినవాళ్లకు దుమ్మంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కారుకు కాగితం ఫిల్టరు. కోతలయ్యాక మార్చేయడం మంచిది. కంప్రెసరు గాలి కొట్టాల్సి వస్తే లోపలి నుంచి బయటికి, దూరం నుంచి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికే దిగుతుంది.

అదే పొట్టు రేడియేటరు ముందర ఏసీ కండెన్సరు పలకల్లో ఇరుక్కుంటుంది. ఎండాకాలం ముందు మెల్లటి నీటి ధారతో కడిగితే చాలు. "ఆయిలు పల్చగైంది, ఇంజను వేడెక్కుతోంది" అని ఆయిలు డబ్బాను తిట్టేవాళ్లలో సగంమంది కార్లకు పట్టిన జబ్బు ఇదే. డీజిలు ఫిల్టరు కింద నీళ్లు వదిలే మర ఉంటే వానాకాలంలో రెండుసార్లు వదలండి. పొలంలో డ్రమ్ముల్లో దాచిన డీజిలు కారులో పోయకండి. రాత్రి చల్లదనానికి డ్రమ్ములో చెమటపట్టిన నీళ్లు ట్రాక్టరు ఓర్చుకుంటుందేమో గానీ కొత్త ఇంజెక్టర్లు ఓర్చుకోవు.

ఖాళీ డబ్బా, మడ్డి ఆయిలు

నకిలీ ఆయిలు మనం పారేసిన డబ్బాలోకే చేరి మన దగ్గరికి తిరిగొస్తుంది. స్టికరు చెక్కుచెదరని ఖాళీ డబ్బాను పాత సామానుకు వేయొద్దు. కత్తితో అడ్డంగా కోసి వేయండి. కొనేటప్పుడు మూత సీలు, తయారీ నెల చూసుకుని, బిల్లు అడగండి.

దిగిన మడ్డి ఆయిలు గురించి కూడా చెప్పాలి. పాత రోజుల్లో చెదలకు గుంజలకు పూసేవాళ్లు, మిగిలింది గట్టు మీద పారబోసేవాళ్లు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిలు ఉంది. నిబంధన మాట అలా ఉంచితే, మన గట్టు పక్కనే కాలవ ఉంది. ఆ కాలవ నీళ్లతో చెరువులు నింపుకుని తాగే ఊళ్లు కింద ఎన్నో ఉన్నాయి. కొత్త ఆయిలు తెచ్చిన డబ్బాలోనే పాతది నింపి మూతపెట్టి, సింధనూరులో వాడిన ఆయిలు సేకరించే గ్యారేజీకి ఇచ్చి, అక్కడే డబ్బా కోయించుకుంటే రెండు పనులూ తీరతాయి.

ఆ రోజు పెదనాన్న గరాటు పక్కన పెట్టి, ట్రాక్టరు డబ్బా చేత్తో పట్టుకునే కళ్లజోడు కోసం ఇంట్లోకి వెళ్లాడు. వచ్చి, డబ్బా తిప్పి, వెనక వైపు మొత్తం చదివాడు. తర్వాత కారు పుస్తకంలో తమ్ముడు చూపించిన పేజీ. రెండింటినీ బండ మీద పక్కపక్కన పెట్టి మళ్లీ చదివాడు.

"సీ3 అని దీనిమీద లేదు" అన్నాడు.

"లేదు."

"మరి సింధనూరులో ఎన్నింటికి తెరుస్తారు?"

తొమ్మిదింటికి తమ్ముడు బైకు మీద వెళ్లి తెచ్చాడు. అప్పటిదాకా ఎవరూ పొరపాటున స్టార్టు చేయకుండా పెదనాన్న కారు తాళం తన జేబులోనే ఉంచుకున్నాడు. ఆయిలు పోసి, కొలిచి, మళ్లీ కొలిచి, మూత బిగించాక షెడ్డులోకి వెళ్లి సుద్దముక్క వెతికాడు. ట్రాక్టరు గంటల వరుస పక్కన ఒక నిలువు గీత గీశాడు. దాని పైన "కారు" అని రాసి, కింద తేదీ వేసి, కిలోమీటర్లు ఎంతో చెప్పమని తమ్ముణ్ణి కేకేశాడు.